నాన్నకి మోకాళ్ల నొప్పులు కాదని తమ్ముడికి తెలుసు

ప్రశ్న: నా తమ్ముడికి 27 ఏళ్లు. ఒక కేసులో రిమాండ్ మీద జైలుకి వెళ్లి 40 రోజులవుతోంది. మూడు వారాల క్రితం పక్కనున్న ఖైదీతో ‘ఇక బతకను’ అన్నాడట. అప్పటినుంచి నిఘాలో పెట్టామని, పదిహేను నిమిషాలకోసారి చూస్తున్నామని జైలు వాళ్లు చెప్పారు. ఈలోగా మరదలు బాబుని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. విడాకులు కావాలని కబురు పంపింది. తమ్ముడికింకా ఈ సంగతి తెలియదు. అమ్మ పోయి వచ్చే నెలకి పదిహేనేళ్లు. మా ఇద్దర్నీ నాన్నే పెంచారు. ఆయనిప్పుడు ‘వాడు నా కొడుకే కాదు’ అంటున్నారు, ఒక్క ములాఖత్‌కి కూడా రాలేదు. నాన్నకి మోకాళ్ల నొప్పులని తమ్ముడికి చెబుతూ వస్తున్నాను. పోయినసారి వాడు ‘నాన్న మోకాళ్లు ఇక తగ్గవులే అక్కా’ అన్నాడు. వచ్చే శుక్రవారం వాయిదా. విడాకుల సంగతి ఇప్పుడే చెప్పెయ్యనా, బయటికొచ్చేదాకా దాచనా? ఎలాగూ నిఘాలో ఉన్నాడు కాబట్టి ఇప్పుడు చెబితేనే ప్రమాదం తక్కువని మావారు అంటున్నారు.

జవాబు: మీరడిగినదానికి జవాబు చిన్నదే. చెప్పాలి. ఇది దాచితే దాగేది కాదు. కోర్టు కాగితం లోపలికి వెళ్తుంది, లేదా ఏ బంధువో ఫోన్లో నోరు జారతాడు. కాకపోతే శుక్రవారానికి ముందు వద్దు. జైలు వాళ్లకి తెలియకుండా అసలే వద్దు. ఎలా చెప్పాలో తర్వాత రాస్తాను. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మరదలి సంగతి కాదమ్మా, ఆ మోకాళ్ల నొప్పులు.

ముందు మీవారి మాట సంగతి చూద్దాం. నిఘాలో ఉన్నాడు కాబట్టి ఏం చెప్పినా ఫరవాలేదనుకోవడం పెద్ద పొరపాటు. జైల్లో ఇలాంటి నిఘా ముఖ్యంగా రెండు రకాలు. ప్రాణం తీసుకోబోయినవాడినీ, తీసుకుంటానని గట్టిగా చెబుతున్నవాడినీ ఒక మనిషి ఎదురుగా ఉండి, చూపు మరల్చకుండా, రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండాలి. అంత తీవ్రత లేదనిపించినవాళ్లని మధ్యమధ్యలో వచ్చి చూస్తారు. ఒకసారి చూశాక మళ్లీ చూడటానికి పదిహేను నిమిషాలకి మించకూడదు. మీ తమ్ముడు ఈ రెండో రకంలో ఉన్నాడు. అతన్ని పరీక్షించిన రోజున మనసు ఎలా ఉందో దాన్నిబట్టి పెట్టిన ఏర్పాటు అది. భార్య విడాకులు అడుగుతోందని మీరు చెప్పిన నిమిషం నుంచి ఆ అంచనా చెల్లదు. కొత్తగా మళ్లీ పరీక్షించాలి. ఆ సంగతి మీరు చెబితే తప్ప వార్డర్‌కి తెలిసే దారి లేదు.

పైగా పదిహేను నిమిషాలంటే గడియారం ముల్లులా పదిహేనుకోసారి రావడం కాదు. ఒకసారి ఎనిమిది నిమిషాలకి, ఒకసారి పన్నెండుకి, ఇంకోసారి అయిదుకే రావాలి. ఎప్పుడొస్తారో లోపలున్నవాడు ముందే లెక్కగట్టేలా ఉంటే ఆ నిఘా ఉన్నా లేనట్టే. వచ్చినప్పుడు కూడా చువ్వల్లోంచి తొంగి చూసి పోతే చాలదు. నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా, ముఖం కనిపిస్తోందా, దుప్పటి కింద ఉన్నది మనిషేనా అని చూడాలి. మెలకువగా ఉంటే ఒక్క మాటైనా మాట్లాడాలి. చూసిన టైము అప్పటికప్పుడు రిజిస్టర్లో రాయాలి. 10.00, 10.15, 10.30 అని రాత్రంతా ఒకే పెన్నుతో, ఒకే వాలుతో నిండిపోయిన పేజీ ఉందంటే, అది చూసినప్పుడల్లా రాసింది కాదు. డ్యూటీ దిగేముందు కూర్చుని నింపింది.

కెమెరా మీద కూడా భరోసా పెట్టుకోకండి. తెర ముందు కూర్చున్న ఒక్క మనిషి ఎన్నో సెల్లులని ఒకేసారి చూడాలి. ఏదైనా జరిగితే పరుగెత్తుకెళ్లాల్సింది మళ్లీ మనిషే. తోటి ఖైదీ తోడుంటే మంచిదే, మాట కలుపుతాడు, తేడా కనిపిస్తే కేకేస్తాడు. కానీ కాపలా బాధ్యత అతనిది కాదు, అతని మీద వెయ్యకూడదు. ‘ఏమీ చేసుకోను’ అని ఖైదీ చేత కాగితం మీద సంతకం పెట్టించుకుని ఊపిరి పీల్చుకునే చోట్లు కూడా ఉన్నాయి. ఆ కాగితం ఎవరినీ కాపాడదు.

అన్నిటికన్నా చెడ్డది ఒంటరి సెల్. ‘ఎవరికీ అందకుండా తాళం వేశాం, భద్రం’ అనుకుంటారు. అమెరికాలోని స్థానిక జైళ్లలో 2005, 2006లలో జరిగిన 464 ఆత్మహత్యలని పరిశీలిస్తే 38 శాతం మంది అప్పటికి ఒంటరిగా ఉంచినవాళ్లే. ఖైదీల విషయంలో పాటించాల్సిన కనీస నియమాలని ఐక్యరాజ్యసమితి 2015లో మండేలా పేరుతో సవరించింది. రోజుకి 22 గంటలు లేదా అంతకుమించి మనిషి పొత్తు లేకుండా ఉంచడమే ఏకాంత నిర్బంధమనీ, వరసగా 15 రోజులు దాటితే అది నిషిద్ధమనీ అందులో ఉంది. ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాడికి ఆ 15 రోజులు కూడా ఎక్కువే. కాబట్టి మీరు జైలు వాళ్లని అడగాల్సింది కెమెరా ఉందా అని కాదు. ఒంటరిగా ఉంచారా, నలుగురితో ఉంచారా? డాక్టర్ గానీ కౌన్సెలర్ గానీ ఎదురుగా కూర్చుని చివరిసారి ఎప్పుడు మాట్లాడారు, మళ్లీ ఎప్పుడు మాట్లాడతారు? కోర్టు నుంచి తిరిగి వచ్చిన రోజు అతన్ని ఎవరు చూస్తారు? ఈ మూడూ అడగండి. ఇంకోటి. నిఘా తగ్గించాలన్నా, తీసెయ్యాలన్నా పరీక్షించిన వైద్యులే నిర్ణయించాలి, అదీ మెట్టుమెట్టుగా. ‘ఈమధ్య హుషారుగానే ఉన్నాడు’ అని ఎవరో అనుకుని తీసెయ్యకూడదు. కుమిలిపోతున్న మనిషి ఉన్నట్టుండి తేలిగ్గా కనిపిస్తే నాకైతే అనుమానమే ఎక్కువవుతుంది.

ఇందాకటి లెక్కల్లోనే మీకు సంబంధించినది ఇంకొకటుంది. ఆ మరణాల్లో 35 శాతం కోర్టు వాయిదా దగ్గర్లో, 22 శాతం ఫోన్ కాల్ లేదా ములాఖత్ దగ్గర్లో జరిగాయి. ములాఖత్ తర్వాత జరిగినవాటిలో ఎక్కువ భాగం ఒక్క రోజులోపే. ఇది చదివి మీరు వెళ్లడం మానెయ్యకండి. ఇంటివాళ్ల రాకే ఖైదీకి పెద్ద ఆసరా. బయట ఏం జరుగుతోందో జైలు వాళ్లకి తెలిసే దారి కూడా అదే. మీరు మాట్లాడి ఇంటికొచ్చేశాక ఆ రాత్రి అతను ఆ మాటలతో ఒక్కడే ఉంటాడు. ఆ రాత్రికి ముందే ఏర్పాటు చెయ్యాలి.

ఇక నాన్న దగ్గరికి వద్దాం.

‘నాన్న మోకాళ్లు ఇక తగ్గవులే అక్కా.’ ఈ మాట మీరు నాకు రాశారంటే అది మిమ్మల్ని కూడా గుచ్చుకుంది. మీ తమ్ముడు ఆరు వారాలుగా మీ అబద్ధాన్ని వింటున్నాడు, నమ్మినట్టు నటిస్తున్నాడు, మీరు నొచ్చుకోకూడదని. పన్నెండేళ్ల వయసులో తల్లి పోయినవాడు. అప్పటినుంచి అమ్మా నాన్నా ఆ ఒక్క మనిషే. కట్టుకున్నది వెళ్లిపోతే ఎంత బాధైనా ఉంటుంది, కాదనను. అతను రోజూ ఆ గేటు వైపు చూస్తున్నది మాత్రం తండ్రి కోసం. మీరేమో తండ్రికీ కొడుక్కీ మధ్య గోడలా నిలబడి, ఆయన కోపం వీడికి తగలకుండా, వీడి గోడు ఆయనకి వినపడకుండా చూస్తున్నారు. ప్రేమతోనే చేశారు. ఆయన రాకపోవడానికి మీరే సాకు వెతికి పెడుతుంటే, ఆయన మీద బరువెక్కడ పడుతుంది? కొడుకు ‘బతకను’ అన్న మాట ఆయనకి చెప్పారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. చెప్పలేదనే నా అనుమానం.

ఇవాళే చెప్పండి. ఏడవకుండా, నిందించకుండా, జైలు వాళ్లు మీకు ఎలా చెప్పారో అలాగే. పరువు గురించి ఆయన మాట్లాడితే మాట్లాడనివ్వండి. కేసు సంగతి కోర్టు చూసుకుంటుంది. కొడుకుని చూడటానికి వెళ్లినంత మాత్రాన చేసిన పనిని ఒప్పుకున్నట్టు కాదు. తప్పు చేసిన పిల్లాడికి తండ్రి మొహం చూపించకపోవడం క్రమశిక్షణ అని మన ఇళ్లలో చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. తండ్రి బాధ్యత కొడుకు మంచివాడుగా ఉన్నన్నాళ్లకే పరిమితం కాదు.

అయితే సిద్ధం చెయ్యకుండా ఆయన్ని తీసుకెళ్లకండి. కోపంగా వెళ్లి నలుగురిలో ‘ఎందుకు చేశావురా’ అని అరిస్తే వెళ్లకపోవడమే నయం. కేసు మాట ఎత్తొద్దు, ఇంట్లో పడుతున్న కష్టాలు ఏకరువు పెట్టొద్దు, ‘నీవల్లే’ అనే మాట నోట రావద్దు అని ముందే మాట తీసుకోండి. ఆయన క్షమించాల్సిన పనిలేదు. ‘తిన్నావా, నిద్ర పడుతోందా, మళ్లీ వారం వస్తాను’ అంటే చాలు. ఆ మూడో మాట అంటే మాత్రం మళ్లీ వారం వెళ్లి తీరాలి. నోరు పెగలకపోతే ఊరికే కూర్చున్నా ఫరవాలేదు. రానే రానంటే రెండు వాక్యాలు రాసిమ్మనండి. అదీ కుదరకపోతే తమ్ముడికి నిజం చెప్పండి. ‘నాన్నకి మోకాళ్ల నొప్పులు కావురా, కోపం. నేను అడుగుతూనే ఉన్నాను’ అనండి. ‘నా కొడుకే కాదు’ అన్న మాట మీతోనే ఉండిపోవాలి. ఒకవేళ ఆయన మాట వినకపోయినా, వెళ్లినా ఫలితం లేకపోయినా, ఆ భారం మీరు నెత్తినేసుకోవద్దు. ఎవరి రాకా ప్రాణానికి పూచీ కాదు. అందుకే జైలు చెయ్యాల్సింది జైలు చెయ్యాలి, ఇల్లు చెయ్యాల్సింది ఇల్లు చెయ్యాలి.

విడాకుల సంగతి వాయిదా అయ్యాక చెప్పండి. బెయిల్ రాకపోతే వెంటనే వద్దు, ఏ రోజు చెప్పాలో జైలు డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించండి. ఈలోగా కాగితాలేమైనా వస్తే ముందు మీకు తెలపమని లాయర్‌కి చెప్పి ఉంచండి. చెప్పే రోజు పొద్దున్నే వెళ్లండి, సెలవుకి ముందు రోజు కాకుండా చూసుకోండి. సెలవు రోజుల్లో డాక్టర్ దొరకడం కష్టం. లోపలికి వెళ్లకముందే డ్యూటీ అధికారికి ‘ఇవాళ ఈ కబురు చెప్పబోతున్నాను’ అని చెప్పి, ములాఖత్ అయిన వెంటనే డాక్టర్ చూసేలా, ఆ రాత్రికి ఎదురుగా మనిషిని పెట్టేలా అడగండి. తమ్ముడికి నాలుగు ముక్కల్లో చెప్పండి. మరదల్ని తిట్టకండి, ఆశలూ కల్పించకండి. బాబు క్షేమంగా ఉన్నాడని చెప్పండి. తర్వాత సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతారు చాలామంది. అలా జరగదు. అడిగేవాళ్లు ఒకరున్నారని తేలికపడతారు. అవునంటే ఏడవకుండా వినండి. ‘ఎవరికీ చెప్పకు’ అంటే మాత్రం ఒప్పుకోవద్దు. ‘చెబుతానురా, నువ్వు నాకు కావాలి కాబట్టి చెబుతాను’ అనండి, బయటికి రాగానే చెప్పండి. రేపటికి వాయిదా వెయ్యకండి.

ఇవన్నీ నోటి మాటగా వదిలితే షిఫ్ట్ మారేసరికి పోతాయి. పొద్దుటి వార్డర్‌కి తెలిసింది రాత్రి వార్డర్‌కి చేరదు, కోర్టుకి తీసుకెళ్లిన ఎస్కార్టుకి తెలిసింది జైలుకి చేరదు. అందుకే ఒక్క పేజీ రాయండి. తమ్ముడి పేరు, ఖైదీ నంబరు, ‘బతకను’ అన్న మాట ఉన్నదున్నట్టు, ఎప్పుడన్నాడో. ఇంతకుముందెప్పుడైనా ప్రయత్నం చేశాడా, ఏ మందులు ఎంత మోతాదులో వాడేవాడు, తాగుడు అలవాటు ఉండేదా. మందుల చీటీ నకలు జతచెయ్యండి. భార్య విడాకులు అడుగుతోందని రాయండి, అతనికింకా తెలియదని దాని పక్కనే రాయండి, లేకపోతే ఎవరో ముందే చెప్పేస్తారు. వాయిదా తేదీ రాయండి. మీరు ఉత్తరంలో ఊరికే అనేసి వదిలేసిన అమ్మ పోయిన తేదీ కూడా రాయండి. ఆ రోజు, దాని ముందు రాత్రి అతన్ని ప్రత్యేకంగా చూడాలి, వీలైతే ఆ వారం నాన్న వెళ్లాలి. కింద మీ ఫోన్ నంబరు, అర్ధరాత్రైనా చెయ్యొచ్చని రాయండి.

సూపరింటెండెంట్‌కి ఒకటి, జైలు డాక్టర్‌కి ఒకటి, లాయర్‌కి ఒకటి. నాలుగోది మీ దగ్గర ఉంచుకుని, దానిమీద అందినట్టు సంతకం, తేదీ, టైము వేయించుకోండి. శుక్రవారం దాకా ఆగకండి, రేపు పొద్దున్నే వెళ్లి ఇచ్చిరండి. నాన్నని కూడా రమ్మనండి. లోపలికి రాకపోయినా గేటు దాకా.