స్వరం పుట్టే చోటు, ఆరిపోయే చోటు: కచేరీలో విన్న సెల్లో ఎందుకు వదలదు?

మీరు అడిగింది ఇది: ఒక గొప్ప సెల్లో (కూర్చుని కమానుతో వాయించే, పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) వాద్యకారుడి కచేరీ విని ఏళ్లయింది, ఇప్పటికీ తలచుకుంటే గొంతు పట్టేస్తోంది. అదే మనిషి అదే కృతిని వాయించిన రికార్డింగ్ పెట్టుకుంటే మాత్రం ఏ చలనమూ లేదు. లోపం నాలో ఉందా, రికార్డింగ్‌లో ఉందా?

మీలో లోపమేమీ లేదు. నాకు అర్థమైనంతలో, ఆ రోజు మీ మీద బలంగా పనిచేసినవి ఒక్కో స్వరం మొదలైన తీరు, ఆగిపోయిన తీరు. రికార్డింగ్‌లోనూ, దాన్ని మనం వినే పద్ధతిలోనూ అన్నిటికన్నా ముందు అరిగిపోయేవి ఈ రెండే.

మొదలు సంగతి చూద్దాం. కమానుకు బిగించిన గుర్రపు వెంట్రుకల మీద రోజిన్ అనే జిగట పొడి ఉంటుంది. అది తీగను పట్టుకుని పక్కకు లాగుతుంది, బిగువు పెరిగి తీగ జారిపోతుంది, మళ్లీ దొరుకుతుంది. అన్నిటికన్నా పై తీగ మీద ఈ పట్టు, జారుడు సెకనుకు 220 సార్లు, అట్టడుగు తీగ మీద దాదాపు 65 సార్లు జరుగుతాయి. ఆ లయ కుదిరేలోపు లిప్తపాటు ఒక గరుకు శబ్దం వస్తుంది. లావు తీగల మీద కుదురుకోవడానికి ఇంకాస్త ఎక్కువ సేపు పడుతుంది. చెయ్యి బరువు ఎక్కువైతే ఆ గరుకు గరగరగా మారుతుంది, చాలకపోతే అసలు స్వరానికి బదులు ఈల లాంటి పైస్వరం పలుకుతుంది. చేయి తిరిగిన వాద్యకారులు ఆ గరుకును పూర్తిగా తుడిచెయ్యరు. దాన్ని హల్లులా వాడతారు. ఒకచోట స్వరం 'ద' అన్నంత స్పష్టంగా మొదలవుతుంది, ఇంకోచోట పెదవులు మూసి 'మ' అన్నట్టు వస్తుంది. సెల్లో మాట్లాడుతున్నట్టుంది అని వినేవాళ్లందరూ అనడానికి ఇదో కారణం. మగ గొంతూ ఆడ గొంతూ మాట్లాడే స్థాయి మొత్తం దాని నాలుగు తీగల పరిధిలోనే ఉండడం రెండో కారణం.

ఇక ఒంటికి తగిలే భాగం. అట్టడుగు స్వరం తరంగం పొడవు గాలిలో 5 మీటర్ల పైమాటే. అయితే సెల్లో పెట్టె ఆ 65 హెర్ట్జ్‌ని (సెకనుకు 65 కంపనాలను) పెద్దగా పలికించలేదు. లోపలి గాలి బలంగా స్పందించేది 100 హెర్ట్జ్ దరిదాపుల్లో, అంటే కింది నుంచి రెండో తీగ దగ్గర. వాద్యం కింద ఉండే స్టీలు ఊచ, అదే ఎండ్‌పిన్, కంపనాన్ని చెక్క వేదికలోకి కూడా దింపుతుంది. ఫోను స్పీకరు 200 హెర్ట్జ్ కింద చేసేది దాదాపు ఏమీ ఉండదు. అయినా పైన మిగిలిన అనుస్వరాలను (అసలు స్వరంతో పాటే సన్నగా పలికే పై స్వరాలను) బట్టి మెదడు ఆ కింది స్వరాన్ని ఊహించి పూరిస్తుంది కాబట్టి, ఏదో పోయిందని మనకు తెలియదు. స్వరం విన్నామనే అనుకుంటాం. ఛాతీకీ పాదాలకూ మాత్రం ఏమీ అందలేదు.

అన్నిటికన్నా ముఖ్యం చివర. సెల్లో కమాను బరువు 80 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, అందులో ఎక్కువ భాగం చేతి దగ్గరే. కొసకు వెళ్లేకొద్దీ తీగ మీద పడే బరువు తగ్గుతుంది. ఆ తగ్గుదలను వేగంతో సరిచూసుకుంటూ స్వరాన్ని సన్నం చేస్తూ పోవడం చాలా కష్టమైన పని. ఒక్క వెంట్రుకవాసి తేడాతో స్వరం తెగిపోవచ్చు. ఆ సంగతి హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ, సంగీతం రానివాళ్లకు కూడా, కంటి ముందే కనిపిస్తుంటుంది. కమాను తీగను వదిలాక కూడా స్వరం పోదు. పెద్ద వాద్యబృందాల కోసం కట్టిన హాళ్లలో శబ్దం పూర్తిగా అణగడానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది, ప్రసంగాల కోసం కట్టినవాటిలో 1 సెకను లేదా ఇంకా తక్కువ. ఆ 2 సెకన్లూ వందలమంది ఊపిరి బిగబట్టి ఉంటారు. ఆ నిశ్శబ్దాన్ని నిలబెట్టినవాళ్లలో మీరూ ఒకరు. రికార్డింగ్‌కి వచ్చేసరికి అది తర్వాతి ట్రాకుకు ముందు ఉండే ఖాళీ, అంతే.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ జర్మన్ స్వరకర్త బాఖ్ ఒంటరి సెల్లో కోసం రాసిన అయిదో సూట్ (నృత్య రూపాల వరస)లోని సారబాండ్ అనే నెమ్మది భాగం. వాయించేది ఒక్కటే వాద్యం, అందులోనూ ఒక్క తంత్రీసమ్మేళనమైనా (ఒకేసారి పలికే స్వరాల గుత్తి) లేకుండా, ఒకదాని తర్వాత ఒకటిగా విడి స్వరాలు మాత్రమే. బాఖ్ ఆ సూట్‌కి పై తీగను ఒక స్వరం దించి శ్రుతి చేయమన్నాడు (అందరూ పాటించరు). పాటిస్తే వాద్యం మొత్తానికీ కాస్త నల్లటి నాదం వస్తుంది. 2001 సెప్టెంబర్ 11 దాడుల్లో చనిపోయినవాళ్ల పేర్లను ఏడాది తర్వాత అదే రోజున న్యూయార్క్‌లో చదువుతుంటే సెల్లో వాద్యకారుడు యో-యో మా వాయించింది ఈ సారబాండే. దుఃఖాన్ని పెంచి చూపే హంగు అందులో ఏదీ లేదు. ప్రతి స్వరం చుట్టూ ఉన్న ఖాళీయే పని చేస్తుంది.

రెండోది చెక్ స్వరకర్త డ్వోర్జాక్ బి మైనర్ సెల్లో కన్చెర్టో (ఒక వాద్యం ముందుండి, పెద్ద వాద్యబృందంతో కలిసి పలికే కృతి). 1895లో ఆయన వదినెగారు జోసెఫీనా చనిపోయాక చివరి భాగం ముగింపును తిరగరాశాడు. ఆమెకు ఇష్టమైన తన పాట ఒకటి అందులో మళ్లీ వినిపిస్తుంది, మొదటి భాగం ఛాయ కనిపిస్తుంది, సెల్లో సన్నగిల్లి నిట్టూర్పులా ఆగుతుంది. ఆ తర్వాతే వాద్యబృందం గట్టిగా ముగిస్తుంది. అక్కడ కడెంజా, అంటే వాద్యకారుడు ఒంటరిగా తన నైపుణ్యం చూపే ఘట్టం, పెడదామని సెల్లో వాద్యకారుడైన స్నేహితుడు విహాన్ పట్టుబడితే డ్వోర్జాక్ ససేమిరా అన్నాడు. 1968 ఆగస్టు 21న, సోవియట్ ట్యాంకులు చెకొస్లొవేకియాలోకి దిగిన రోజునే, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో సోవియట్ వాద్యబృందంతో సోవియట్ సెల్లో వాద్యకారుడు రొస్త్రొపోవిచ్ వాయించాల్సి వచ్చింది ఈ చెక్ కృతినే. నిరసన కేకల మధ్య మొదలుపెట్టి, కన్నీళ్లతో వాయించాడు. ఆ రాత్రి రికార్డింగ్ దొరుకుతుంది. ముగింపు దగ్గర సెల్లో ఎంత ఆలస్యంగా వదులుతుందో వినండి.

మరి గొప్ప కృతి అయితే చాలా? చాలదు. ఆంగ్ల స్వరకర్త ఎల్గార్ సెల్లో కన్చెర్టో 1919 అక్టోబర్ 27న మొదటిసారి వినిపించినప్పుడు వాద్యబృందానికి సాధన చాలక చప్పగా పోయింది. ఆ రోజు సెల్లో వరసలో కూర్చుని వాయించిన కుర్రాడు బార్బిరోల్లి. 1965లో, ఇరవయ్యేళ్ల సెల్లో వాద్యకారిణి జాక్లిన్ డు ప్రే అదే కన్చెర్టోను రికార్డు చేసినప్పుడు వాద్యబృందాన్ని నడిపింది ఆయనే. స్వరాలు అవే. మొదటి నాలుగు సమ్మేళనాల మీద కమాను పడిన తీరు వేరు.

మెదడు సంగతి క్లుప్తంగా. సంగీతం వింటూ ఒళ్లు జలదరించేటప్పుడు మెదడులో డోపమైన్ అనే, సంతోషంతో ముడిపడిన రసాయనం విడుదలవుతుందని 2011లో మాంట్రియల్ మెక్‌గిల్ పరిశోధకులు చూపారు. ఆ ఘట్టం వస్తోందని ఎదురుచూసేటప్పుడు మెదడులో ఒక చోట, వచ్చినప్పుడు ఇంకో చోట. అంటే ఎదురుచూపు కూడా అనుభవంలో సగం. కృతి ముందే తెలిసినవాళ్లకు జలదరింపు ఎక్కువగా కలగడంలో వింత లేదు.

అందుకని తర్వాతి కచేరీకి ఇలా సిద్ధపడండి. రెండు వారాల ముందు నుంచి ఆ కృతిని మూడు నాలుగుసార్లు, మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా వినండి, వేర్వేరు వాద్యకారులవి అయితే మరీ మంచిది. కచేరీకి ముందు రెండు రోజులు అసలు వినకండి. సీటు కృతిని బట్టి ఎంచుకోవాలి. ఒంటరి సెల్లో అయితే చిన్న హాల్లో అయిదో వరస నుంచి పదో వరస దాకా బాగుంటుంది, హల్లులన్నీ వినిపిస్తాయి. కన్చెర్టో అయితే హాలు నడిమి భాగం లేదా మొదటి బాల్కనీ ముందు వరస. మరీ ముందు కూర్చుంటే వేళ్ల చప్పుడు, ఊపిరి చప్పుడు దగ్గరగా ఉండి వాద్యబృందంతో కలయిక పోతుంది. లోతైన బాల్కనీ కింద కూర్చోవద్దు, ఆ 2 సెకన్ల తోక అక్కడికి సరిగ్గా చేరదు. పక్కలా వెనకా కూడా వద్దు, ఎందుకంటే ఎఫ్ ఆకారపు రంధ్రాలున్న ముఖం ముందుకే తిరిగి ఉంటుంది, పై అనుస్వరాలు అటే ఎక్కువ వెళ్తాయి.

వాయిస్తుంటే ముఖం వైపు చూడకండి. భావమంతా ముఖంలో ఉందనిపిస్తుంది కానీ కుడి చెయ్యి చూస్తేనే అర్థమవుతుంది. కమాను బ్రిడ్జికి (తీగలను ఎత్తి పట్టే చెక్క ముక్కకు) దగ్గరగా జరిగితే నాదం బిగుసుకుని పదునెక్కుతుంది, ఫింగర్‌బోర్డు (ఎడమ చేతి వేళ్లు తీగలను నొక్కే పలక) మీదికి జరిగితే వేణువులా పలచబడుతుంది. ఎడమ చేతి గమకం కన్నా ఈ రెండు మూడు అంగుళాల జాగాలోనే ఎక్కువ కథ నడుస్తుందని నా గట్టి అభిప్రాయం.

ఇంట్లో వినేటప్పుడు కొంతవరకైనా ఆ అనుభవం దక్కాలంటే 50 హెర్ట్జ్ వరకు దిగే స్పీకర్లు కావాలి. లేదంటే మంచి హెడ్‌ఫోన్లు, కాకపోతే వాటితో చెవికి అందేది ఛాతీకి అందదు. ధ్వని మరీ తగ్గించి వింటే కింది స్వరాలే ముందు మాయమవుతాయి, చెవి స్వభావం అది. గదిలో నిజంగా ఒక మనిషి వాయిస్తున్నంత ధ్వని పెట్టి, ఇక ముట్టుకోకండి. ఫ్యాను ఆపండి. ప్రయాణంలో వద్దు, చక్రాల రొద సరిగ్గా సెల్లో కింది స్థాయినే మింగేస్తుంది. బాగా కుదించిన ఆడియో ఫైళ్లలో స్వరం మొదలు మసకబారుతుంది, అందుకని కుదింపు లేనివి వెతకండి. వీలైతే కచేరీలోనే తీసిన రికార్డింగులు ఎంచుకోండి. స్టూడియోలో చాలాసార్లు వాయించి మంచి ముక్కలు అతికిస్తారు, తెగిపోతుందేమోనన్న ఆ భయం అక్కడ ఉండదు. సెల్లో వాద్యకారుడు పాబ్లో కాజల్స్ 1936 నుంచి 1939 వరకు రికార్డు చేసిన బాఖ్ సూట్లు చూడండి. రొద ఎక్కువ, కింది స్వరాలు తక్కువ. కానీ అప్పటి గ్రామఫోన్ పళ్లెం ఒక్కో వైపు నాలుగు నిమిషాల పైచిలుకు పట్టేది, అతుకులకు వీల్లేదు, ఆ వైపు మొత్తం ఒక్క ఊపులో వాయించాల్సిందే. ఆ తెగువ ఇప్పటికీ వినిపిస్తుంది.

ఒక్కటి మాత్రం చేయవద్దు. మీరు విన్న వాద్యకారుడే అదే కృతిని వాయించిన వీడియోల కోసం వెతికి పదేపదే చూడకండి. జ్ఞాపకం తలచుకున్న ప్రతిసారీ కొంచెం మారుతుంది. కొన్నాళ్లకు ఆ వీడియోలోని దగ్గరి దృశ్యాలే మీ సీటులోంచి చూసినట్టు గుర్తుండిపోతాయి, అసలుది కిందపడిపోతుంది. దానికి బదులు ఈ రోజే కూర్చుని మిగిలి ఉన్నది రాసుకోండి: ఏ భాగంలో ఒళ్లు జలదరించింది, అప్పుడు కమాను ఎక్కడుంది, ఎవరి పక్కన కూర్చున్నారు, చివరి స్వరం తర్వాత చప్పట్లు మొదలవడానికి ఎంతసేపు పట్టింది. ఇంటికి రికార్డింగ్ తెచ్చుకోవాలనుకుంటే ఆ వాద్యకారుడే వాయించిన వేరే కృతి తెచ్చుకోండి. పోల్చడానికి పాత రాత్రి అడ్డు రాదు, ఆ చెయ్యి మాత్రం మొదటి స్వరంలోనే గుర్తుపడతారు.