క్లాసులో ఇటాలియన్ ఒకటి, బయట వినిపించేది ఇంకొకటి: దేన్ని పట్టుకోవాలి?

సందేహం: మిలాన్‌లో చదువుకోవడానికి వచ్చాను. క్లాసులో చెప్పే వ్యాకరణానికీ బయట వినిపించే మాటకీ పొంతన కుదరడం లేదు. ఏది నేర్చుకోవాలి?

జవాబు: బయటి మాట విని అర్థం చేసుకోవడం నేర్చుకోండి. రాసేటప్పుడు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయండి.

అన్నిటికంటే ముందు గౌరవ రూపాలు సరిచేసుకోండి. "నువ్వు"కి తూ, "మీరు"కి లేయ్. మన "మీరు" బహువచనం కూడా కాబట్టి, ఇటాలియన్‌లో పలువురిని పిలిచే వోయ్ అనేయాలనిపిస్తుంది. నేపుల్స్ వైపు పెద్దవాళ్లను అలా పిలవడం ఇంకా వినిపిస్తుంది కానీ, మిలాన్‌లో ఒక్క మనిషిని వోయ్ అంటే వింతగా ఉంటుంది. లేయ్ వాడితే, ఎదుట మగవాళ్లున్నా సరే, క్రియ "ఆమె" రూపంలోకి మారాలి. క్వెస్తూరా (నివాస అనుమతులు చూసే పోలీసు కార్యాలయం) కౌంటర్ దగ్గర "స్కూజీ, మీ ప్వో అయుతారే?" (క్షమించండి, నాకు సాయం చేయగలరా?) అనండి. చాలామంది స్కూజీతో మొదలుపెట్టి "ప్వో" బదులు తూ రూపమైన "ప్వొయ్" అనేస్తారు; అక్కడితో వాక్యం సగం మీరు, సగం నువ్వు అయిపోతుంది. తోటి విద్యార్థులతో మొదటి రోజు నుంచీ తూ చాలు. ఏదనాలో తేలకపోతే, ఎవరికైనా సరిపోయే "సాల్వే" అని పలకరించండి.

ఇక "తెలిసుంటే వచ్చేవాణ్ని" అనే వాక్యం చూడండి. పుస్తకంలో: "సే లవెస్సీ సపూతో, సరేయ్ వెనూతో". ఇళ్లలో, బార్లలో: "సే లో సపేవో, వెనీవో". రెండు వైపులా ఇంపెర్‌ఫెత్తో ("చేసేవాణ్ని" లాంటి మామూలు భూతకాల రూపం) పెట్టేస్తారు, చదువుకున్నవాళ్లు కూడా. మాటల్లో మీరూ నిస్సంకోచంగా వాడొచ్చు. అయితే ఈ వాక్యంలోనే సే ("ఉంటే") పక్కన, ఫలితం చెప్పే భాగంలో రావాల్సిన "అవ్రేయ్" లాంటి రూపం పెడితే అది తప్పే; పిల్లలు అన్నా పెద్దలు దిద్దుతారు. "అనుకుంటున్నాను" అనే పెన్సో కే తర్వాత మామూలు క్రియ పెట్టి "పెన్సో కే ఎ" అనడం కూడా తరచూ వినిపిస్తుంది, కానీ ఇంటర్వ్యూలోనూ థీసిస్‌లోనూ "పెన్సో కే సియా" అనే ఉండాలి.

కొట్టులో అడిగేటప్పుడు "వోల్యో" (నాకు కావాలి) మొరటుగా తగులుతుంది. "వొర్రేయ్" (కావాలనుకుంటున్నాను) అనండి, లేదా "వొలేవో ఉన్ కఫ్ఫే". రెండోది రూపానికి భూతకాలమే, వాడేది మర్యాద కోసం.

పస్సాతో రెమోతో అనే, పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే భూతకాలాన్ని చదివి అర్థం చేసుకుంటే చాలు. సిసిలీలో నిన్నమొన్నటి సంగతికీ అదే వాడతారు గానీ మిలాన్ మాటల్లో దాదాపు వినిపించదు.

"నాకు కాఫీ ఇష్టం" మనకు తేలికే: "మీ ప్యాచే ఇల్ కఫ్ఫే". ఇష్టమైనవి ఒకటికంటే ఎక్కువైతే "మీ ప్యాచ్చొనో". "నాకు" రెండుసార్లు వచ్చే "ఆ మే మీ ప్యాచే" అందరూ అంటారు, టీచర్లు ఎర్రసిరాతో కొట్టేస్తారు.

దీర్ఘకాల నివాస అనుమతికి ఇటాలియన్‌లో ఏ2, 2018 చివరి నుంచి పౌరసత్వానికి అంతకన్నా పైదైన బీ1 స్థాయి కావాలి. చీల్స్, చేలీ లాంటి పరీక్షల్లో రాత భాగం కూడా ఉంటుంది, అందుకే పుస్తకం రూపాలు వదిలేయకండి.

ప్రొఫెసర్‌కి మెయిల్ రాస్తే "జెంతీలే ప్రొఫెస్సోరే"తో మొదలుపెట్టి, "లే స్క్రీవో పెర్" (మీకు రాస్తున్నది ఎందుకంటే) అని విషయంలోకి వెళ్లి, "కొర్దియాలీ సలూతీ"తో ముగించండి. "నీకు రాస్తున్నా" అనే "తి స్క్రీవో" వద్దు, చివర "చావ్" అసలే వద్దు.