శాలువా కప్పే ముందు ఒక్క మాట అడుగు

గుంటూరు,
10 ఆగస్టు 2020.

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీర్వదించి రాస్తున్నది.

కరోనాలో పనిచేస్తున్నవాళ్ళకు సన్మానమంటూ నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆగస్టు 15 ప్రోగ్రాం చూశాను. ఫోన్లో చెబుదామంటే సగంలోనే "సరే అత్తా, సరే అత్తా" అంటూ పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ అయ్యాక నీకు తీరిక లేదని మీ అమ్మ చెప్పిందిలే.

ముందు ఒక విషయం. నేను ఇలాంటివాటికి అడ్డం చెప్పే మనిషిని కాదు. మార్చి 22న సాయంత్రం 5 గంటలకు వైద్య సిబ్బందికి చప్పట్లు కొట్టమంటే నేనూ గేటు దగ్గర నిలబడ్డాను. ఎదురింటి బుడ్డోడు స్టీలు పళ్ళెం మీద గరిటెతో వాయిస్తుంటే ఏడుపొచ్చింది. 34 ఏళ్ళు ప్రభుత్వాసుపత్రిలో తెల్లచీర కట్టాను. రోగుల బంధువులు తిట్టినవి చాలా ఉన్నాయి, చప్పట్లు మాత్రం ఎప్పుడూ వినలేదు. నేను రిటైరయ్యాక కొట్టారు, అయినా నాకే కొట్టినట్టు అనిపించింది. కాబట్టి ఆ ఐదు నిమిషాలను ఎవరైనా వెక్కిరిస్తే నేను ఊరుకోను.

కానీ ఆ తర్వాత జరిగింది కూడా విను. మీ వదిన ఇంటి ఓనరు ఆ రోజు వీధిలో అందరికంటే గట్టిగా పళ్ళెం వాయించాడు. ఏప్రిల్ 5న రాత్రి 9 గంటలకు లైట్లార్పి తొమ్మిది దీపాలు వరసగా పెట్టి ఫోటో కూడా పంపాడు. రెండు రోజులు గడిచాయో లేదో, "అమ్మా, మీరు కరోనా వార్డులో చేస్తున్నారు, మా ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, వేరే ఇల్లు చూసుకోండి" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదురా. దీపం పెట్టినప్పుడు నిజంగానే పెట్టాడు, భయపడినప్పుడు నిజంగానే భయపడ్డాడు. కానీ మీ వదినకు ఆ వారం కావలసింది దీపం కాదు, ఇల్లు. ఇలాంటివి దేశమంతా జరిగాయి. ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, వైద్య సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే ఐదేళ్ళ దాకా, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ళ దాకా జైలని చెప్పాల్సి వచ్చింది.

అందుకే ఎవరు సన్మానం అన్నా నేను ఒకటే చూస్తాను. మనం చెప్పే థాంక్స్ వల్ల వాళ్ళకి పని తగ్గుతుందా, పెరుగుతుందా?

ఇది మాకు అనుభవమే. నేను సర్వీసులో ఉండగా ఒకసారి అతిసార కేసులు విపరీతంగా వచ్చాయి. మంచాలు చాలక వరండాలో చాపలు వేశాం. ఆ హడావుడిలో ఒక పెద్దమనిషి మమ్మల్ని సన్మానిస్తానని వచ్చాడు. పదకొండింటికి అన్నవాడు ఒంటిగంట దాటాక వచ్చాడు. అంతసేపూ ఆరుగురం సిస్టర్లం ఉతికిన చీరలు కట్టుకుని వరసగా నిలబడ్డాం. లోపల సెలైన్ సీసాలు అయిపోతుంటే ఒక్క అటెండరే పరుగులు తీశాడు. ఆ శాలువా ఇంకా బీరువాలోనే ఉంది. దానితోపాటు ఇంకో పదమూడు ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే చెప్పు.

ఏప్రిల్ 5 సంగతే చూడు. మనం తొమ్మిది నిమిషాలు స్విచ్‌లు ఆపి ఊరుకున్నాం. కానీ దేశమంతా ఒకేసారి ఆపితే కరెంటు వాడకం 31 వేల మెగావాట్లకు పైగా పడిపోయింది. గ్రిడ్, అంటే దేశమంతా కలిపే కరెంటు లైన్ల వ్యవస్థ, దెబ్బతినకుండా జలవిద్యుత్ కేంద్రాలను గబగబా తగ్గించి, మళ్ళీ గబగబా పెంచి కాచుకున్నారు. ఆ ఇంజనీర్లకు ఎవరూ దీపం పెట్టలేదు. మే 3న హైదరాబాదు గాంధీ ఆస్పత్రి మీద హెలికాప్టర్ పూలు చల్లినప్పుడు నేను టీవీలో చూసి మురిసిపోయాను. పక్కనే కూర్చున్న మీ వదిన మాత్రం "అమ్మా, ఇప్పుడవన్నీ ఎవరు ఊడుస్తారు?" అంది. వార్డులో చేసేవాళ్ళ బుర్ర అలా పనిచేస్తుంది మరి.

ఇంగ్లండులో ఉన్న నా పాత జూనియర్ కూడా ఇలాంటి మాటే చెప్పింది. అక్కడ మార్చి 26న మొదలుపెట్టి పది గురువారాలు రాత్రి 8 గంటలకు వీధి గుమ్మాల్లో చప్పట్లు కొట్టారట. చివరికి దాన్ని మొదలుపెట్టిన ఆవిడే ఇక చాలు, ఇది రాజకీయం అవుతోందని అంది. మే 28తో ఆగిపోయింది. ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి!

ఇక నీ లిస్టు. ఉదయం 9 గంటలకు సెల్లారులో స్టేజి, ఇరవై రెండు మందికి శాలువాలు, కమిటీ వాళ్ళు ఒక్కొక్కరు మాట్లాడటం, పూలు చల్లడం, డ్రోన్ ఫోటోలు. మన రాష్ట్రంలో రోజుకి పది వేల కేసులు వస్తున్న రోజుల్లో సెల్లారులో సభా? హోం శాఖ ఈసారి సలహాల్లో డాక్టర్లను, ఆరోగ్య సిబ్బందిని, పారిశుద్ధ్య కార్మికులను, కోలుకున్నవాళ్ళను పిలవమంది నిజమే. జనం గుమిగూడొద్దని కూడా అందులోనే ఉంది. నువ్వు మొదటి సగమే చదివావు.

కోలుకున్నవాళ్ళను పిలిచేముందు ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు, గ్రూపులో అడగకు. రెండో అంతస్తు మాస్టారు జబ్బు సంగతి ఊళ్ళో చెప్పుకోలేదని నువ్వే అన్నావు. ఆయన్ని స్టేజి ఎక్కిస్తే ఆయన పిల్ల సంబంధం ఏమవుతుందో ఆలోచించు.

జనగణమన 52 సెకన్లే. మైకులో రికార్డు వేసి, ఎవరి బాల్కనీలో వాళ్ళు మాస్కుతో నిలబడితే చాలు. కింద గుంపుగా చేరి గొంతెత్తి పాడొద్దు. అమెరికాలో మార్చిలో ఒక బృందగానం రిహార్సల్‌కి 61 మంది వస్తే 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు పోయారు. పేపర్లో చదివినప్పటి నుంచి నాకు భజన అన్నా భయమే.

మూడు రంగుల మాస్కులు పంచుతానన్నావు. వద్దు. జెండాను రుమాలుగా, బట్టలుగా వాడకూడదని ఫ్లాగ్ కోడ్‌లో ఉంది. మాస్కులోకి మనం దగ్గుతాం, తుమ్ముతాం, సాయంత్రానికి చెత్తబుట్టలో వేస్తాం. మధ్యలో చక్రం వేసినది వేసుకుని దేశభక్తి అంటే నేనొప్పుకోను. ప్లాస్టిక్ జెండాలూ వద్దు. ఖాదీ భండార్‌లో ఒక్క మంచి జెండా కొను. 14 సాయంత్రం ఒకసారి తాడు లాగి చూసుకో. మా ఆస్పత్రిలో ఒక ఏడు ఆకుపచ్చ పైకి వచ్చి, అందరం సెల్యూట్ చేస్తూనే గుడ్లప్పగించి చూశాం. జనవరి 26లా పైనే కట్టి విప్పడం కాదు, కింద నుంచి చకచకా పైకి ఎగరేయాలి. సూర్యాస్తమయానికల్లా నెమ్మదిగా దించు. దించే పని వాచ్‌మన్ మీద వదిలేయకు, నువ్వే ఉండు.

నీకొక సంగతి తెలుసా? మీ ఊళ్ళోనే, 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో, గాంధీగారికి జెండా నమూనా ఇచ్చిన పింగళి వెంకయ్యగారు అంతకుముందు బళ్ళారిలో ప్లేగు ఇన్‌స్పెక్టరుగా కూడా పనిచేశారట. మైకు పట్టుకోక తప్పదంటే ఈ ఒక్క మాట చెప్పు. ఒక్కరే మాట్లాడండి, రెండు నిమిషాలు.

ఇప్పుడు డబ్బు విషయం. శాలువా మూడొందలు వేసుకున్నా ఆరు వేల ఆరొందలు. ఆ డబ్బుతో ఏం చెయ్యాలో నన్ను అడగొద్దు. చెత్త బండి తెచ్చే అమ్మాయిని అడుగు. మాస్కు పెట్టుకుని, దూరంగా నిలబడి, "అమ్మా, ఈ వానల్లో నీకేం కావాలి?" అని అడుగు. నా అనుమానం, రెయిన్‌కోటు, గ్లవుజులు అంటుంది. ఇంకా చనువిస్తే పొద్దున నాలుగింటికి ఇంట్లో బయలుదేరితే మళ్ళీ ఇంటికెళ్ళేదాకా బాత్రూం లేదని చెబుతుంది. మీ సెల్లారులో వాచ్‌మన్ బాత్రూం పక్కన తాళం వేసినది ఒకటుంది కదా, దాని తాళంచెవి ఇచ్చెయ్యండి. దీనికి రూపాయి ఖర్చు లేదు గానీ కమిటీలో శాలువాలకన్నా ఎక్కువ గొడవ దీనికే అవుతుంది, చూస్తూండు. ఆ గొడవ నువ్వు పడితే నిన్ను మెచ్చుకుంటాను.

వాడేసిన మాస్కులు ముక్కలుగా కత్తిరించి, కాగితం సంచిలో మూడు రోజులు ఉంచి పొడి చెత్తలో వేయమని గ్రూపులో పెట్టు. హోం ఐసోలేషన్ ఇంటి చెత్త పసుపు సంచిలో వేరుగా ఇవ్వాలి. ఆ అమ్మాయి ఒట్టి చేతులతో ఏరుతుంది, అది మర్చిపోవద్దు.

ఆశా కార్యకర్తను కూడా పిలుస్తానన్నావు. మొన్న 7, 8 తేదీల్లో వాళ్ళు దేశమంతా సమ్మె చేశారు. పీపీఈ, అదే ఒళ్ళంతా కప్పే రక్షణ దుస్తులు, కావాలన్నారు, సరైన జీతం కావాలన్నారు. శాలువా కావాలని ఎవరూ అన్నట్టు నేను చదవలేదు. ఆవిడ మీ మెట్లెక్కి జ్వరాల వివరాలు అడిగినప్పుడు తలుపు సందులోంచి "ఎవరూ లేరు" అనకుండా నిజం చెబితే అదే ఎక్కువ.

కుర్రాళ్ళు ఏదో ఒకటి చేయాలని ఉబలాటపడుతున్నారు కదా, రక్తం ఇవ్వమను. లాక్‌డౌన్ నుంచి క్యాంపులు లేక బ్లడ్ బ్యాంకులు ఇబ్బంది పడుతున్నాయి. తలసీమియా అనే రక్తం జబ్బున్న పిల్లలకు రెండు మూడు వారాలకోసారి ఎక్కించకపోతే కుదరదు. క్యాంపు పెట్టొద్దు. ముందు ఫోన్ చేసి టైము తీసుకుని, నలుగురేసి వెళ్ళాలి. కరోనా వచ్చి తగ్గినవాళ్ళు ఇప్పటి రూలు ప్రకారం 28 రోజులు ఆగాలి.

డ్రోన్ మాత్రం పిల్లలు ఆశపడుతున్నారంటే ఎగరెయ్యనీ. పైనుంచి బాల్కనీల్లో జనం నిలబడ్డ ఫోటో బాగానే ఉంటుంది.

ఇంకొకటి. మూడో అంతస్తు నర్సమ్మకు 14 రాత్రి డ్యూటీ ఉందేమో కనుక్కో. ఉంటే 15 పొద్దున్న ఎనిమిదింటికి దిగి, స్నానం చేసి, తొమ్మిదింటికి పడుకుంటుంది. ఆరు గంటలు పీపీఈలో నీళ్ళు తాగకుండా ఉండి వచ్చిన మనిషి. జెండా ఏడున్నరకే ఎగరెయ్యి. మైకు ఆ వైపు తిప్పించకు.

మీ నాన్న బీపీ మాత్రలు మానలేదు కదా?

మీ అత్త.