కిట్‌లో పసుపు, గోడకు పాచి

ప్రశ్న: మాది చెన్నై నీలాంకరై. పెరట్లో 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతున చిన్న స్విమ్మింగ్ పూల్ ఉంది. ఐదు నెలలుగా వారానికి రెండు చొప్పున 200 గ్రాముల క్లోరిన్ బిళ్ళలు వేస్తున్నాం. క్లోరిన్ చూసే చుక్కల కిట్‌లో నీళ్లు ముదురు పసుపు అవుతున్నాయి, అంటే క్లోరిన్ బాగానే ఉన్నట్టు. అయినా పది రోజులకోసారి గోడలకు పాచి పడుతోంది. మనవలు దిగుతామంటే టెన్షన్‌గా ఉంది. పూల్ చూసే అబ్బాయి మైలుతుత్తం వేద్దామంటున్నాడు. వేయించమంటారా?

జవాబు: వద్దమ్మా. మైలుతుత్తం పాచిని చంపుతుంది, నిజమే. కానీ అందులోని రాగి నీళ్లలోనే ఉండిపోయి గోడలకు మరకలు పడతాయి. మీ ఇబ్బంది వేరే చోట ఉంది. వారానికి రెండు బిళ్ళలు అన్న దగ్గరే నాకు సంగతి అర్థమైంది.

ఆ బిళ్ళ కరిగితే క్లోరిన్ ఒక్కటే రాదు, సయనూరిక్ ఆసిడ్ కూడా వస్తుంది. మేం దాన్ని స్టెబిలైజర్ అంటాం. ఎండకు క్లోరిన్ విరిగిపోకుండా కాపాడుతుంది కాబట్టి 30 నుంచి 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు) దాకా ఉంటే మేలే. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది మాత్రం పోగుపడుతూనే ఉంటుంది. మీ పూల్‌లో సుమారు 22,600 లీటర్లు పడతాయి. అందులో ఒక్కో బిళ్ళకు దాదాపు 5 పీపీఎం పెరుగుతుంది. మీరు నలభై పైనే వేశారు! బ్యాక్‌వాష్‌లో, అంటే ఫిల్టర్‌ను ఎదురు నీళ్లతో కడిగేటప్పుడు, కొంత పోయినా ఇప్పుడు 150 దాటే ఉంటుంది. అంత ఉంటే అది క్లోరిన్‌ను పట్టి కూర్చుంటుంది. కిట్ అలా పట్టుబడ్డ క్లోరిన్‌ను కూడా లెక్కేసి పసుపు చూపిస్తుంది. పాచి మీద పనిచేసేది పిసరంతే.

ఇరవై ఏళ్లుగా ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) వెంట పూల్స్ చూస్తున్నాను. మొదట్లో నేనూ ఇదే తప్పు చేశాను. పాలవాక్కంలో ఒకరింట్లో నెల రోజులు క్లోరిన్ పెంచుతూ పోయాను, పాచి పోలేదు. వాళ్ల డబ్బు దండగైందని ఇప్పటికీ బాధే.

ముందు సయనూరిక్ టెస్ట్ కిట్ తెప్పించండి. పూల్ నీళ్లలో దాని మందు కలిపితే పాలలా తెల్లబడతాయి. అడుగున నల్లచుక్క ఉన్న గొట్టంలో ఆ నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పైనుంచి చూడాలి. చుక్క కనబడకుండా పోయిన చోట ఉన్న అంకే మీ లెక్క. కాస్త పోయగానే చుక్క మాయమైతే స్టెబిలైజర్ బాగా ఎక్కువని అర్థం.

దీన్ని తగ్గించాలంటే నీళ్లు మార్చడమే దారి. అలాగని పూల్ మొత్తం ఖాళీ చేయకండి. సముద్రం పక్కన వానాకాలంలో భూమిలో నీళ్లు పైకొస్తాయి. ఖాళీ పూల్‌ను ఆ నీళ్లు కింద నుంచి ఎత్తేస్తాయి, పగిలిపోతుంది. ఒక్కో అడుగు చొప్పున నాలుగైదు సార్లు తీసి నింపండి. 2019లో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చుకున్న ఊరమ్మా మనది, ప్రతిసారీ ట్యాంకర్ పిలవడానికి నాకు మనసొప్పదు. అక్టోబరు వానలకు ముందే ఒక అడుగు తగ్గించి పెట్టుకుంటే కొంత వానే నింపుతుంది. మేడ మీద మురికి నీళ్లు మాత్రం పడనివ్వకండి. నీళ్లు తగ్గినన్నాళ్లూ స్కిమ్మర్ (పైనీళ్లను లాగే గోడ నోరు) మూసి, పూల్ అడుగున ఉన్న డ్రెయిన్ నుంచే మోటారు నడపాలి.

స్టెబిలైజర్ 50కి వచ్చాక పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 7.2, 7.4 మధ్యకు తెప్పించండి. నిచ్చెన వెనక, మెట్ల మూలల్లో, లైటు చుట్టూ గట్టిగా బ్రష్ చేయించండి. పాచి దాక్కునేది అక్కడే. పొద్దు వాలాక 65 శాతం క్లోరిన్ గ్రాన్యూల్స్ (కాల్షియం హైపోక్లోరైట్) 700 గ్రాములు బకెట్ నీళ్లలో వేసి కరిగించి, పూల్ చుట్టూ పోయించి, రాత్రంతా మోటారు ఆడించండి. నీళ్లలోనే గ్రాన్యూల్స్ వేయాలి, వాటి మీద నీళ్లు పోయకూడదు. పొద్దున నీళ్లు బూడిదరంగుకు తిరిగితే కంగారు పడకండి, అది చచ్చిన పాచి. ఫిల్టర్ మీది ప్రెషర్ గేజ్ మామూలు కన్నా 8, 10 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేయించండి. అడుగు స్పష్టంగా కనిపించి, క్లోరిన్ 5 పీపీఎం కన్నా తగ్గాకే మనవలను దింపండి. ఇక ముందు బిళ్ళలు మానేసి, స్టెబిలైజర్ లేని ఈ గ్రాన్యూల్సే వాడండి.

మిగిలిన బిళ్ళలు ఈ గ్రాన్యూల్స్‌తో ఒకే బకెట్‌లో కానీ, ఒకే మగ్గులో కానీ పడకూడదు. రెండూ కలిస్తే మంటలు లేచే ప్రమాదం ఉంది. ఆ అబ్బాయికి ఈ సంగతి మీరే దగ్గరుండి చెప్పండి.