బ్యాలెన్స్‌డ్ స్కూబా రెగ్యులేటర్‌కూ అన్‌బ్యాలెన్స్‌డ్‌కూ తేడా నీటిలో ఎప్పుడు తెలుస్తుంది?

రెగ్యులేటర్ అంటే సిలిండర్‌లోని గాలిని పీల్చదగిన ఒత్తిడికి దించి డైవరుకు అందించే పరికరం. సిలిండర్ నిండుగా, లోతు తక్కువగా ఉన్నంతవరకు ఈ రెండు రకాల తేడా దాదాపు తెలియదు. లోతులో ఉండగా సిలిండర్ ఖాళీ అవుతున్నప్పుడు మాత్రం బ్యాలెన్స్‌డ్ రెగ్యులేటర్‌తోనే శ్వాస తేలికగా సాగుతుంది.

సిలిండర్‌లో సుమారు 200 బార్ల ఒత్తిడితో ఉన్న గాలిని, రెగ్యులేటర్‌లో సిలిండర్‌కు బిగించే భాగమైన ఫస్ట్ స్టేజ్, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే దాదాపు 10 బార్లు మాత్రమే ఎక్కువైన మధ్యస్థ ఒత్తిడికి దించుతుంది. నోటిలో పెట్టుకునే సెకండ్ స్టేజ్ దానిని నీటి ఒత్తిడికి సమానం చేసి అందిస్తుంది. సాధారణ అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్ రకంలో సిలిండర్‌లోని గాలి కూడా వాల్వును తెరిచే దిశలో నెడుతుంది కనుక, గాలి తరిగేకొద్దీ ఆ తోడ్పాటు తగ్గి, దానితోపాటు మధ్యస్థ ఒత్తిడీ పడిపోయి, పీల్చడానికి ఎక్కువ శ్రమ పడవలసివస్తుంది. బ్యాలెన్స్‌డ్ నిర్మాణంలో సిలిండర్ ఒత్తిడి ప్రభావం వాల్వుపై దాదాపు ఉండదు.

ఉదాహరణకు, 30 మీటర్ల లోతులో మొత్తం ఒత్తిడి సుమారు 4 బార్లు కాబట్టి, పీల్చే గాలి ఉపరితలంపై కంటే 4 రెట్లు చిక్కగా ఉంటుంది. అక్కడ సిలిండర్‌లో 50 బార్లే మిగిలి, తోటి డైవరు కూడా అదే ఫస్ట్ స్టేజ్ నుంచి గాలి తీసుకోవలసివస్తే, అన్‌బ్యాలెన్స్‌డ్ రకంతో శ్వాస బరువెక్కినట్లు స్పష్టంగా తెలుస్తుంది. దుకాణంలో నోట పెట్టి పీల్చి చూసే పరీక్షలో ఇదేదీ బయటపడదు.

అన్‌బ్యాలెన్స్‌డ్ రెగ్యులేటర్ లోతుకు తగ్గట్టు ఒత్తిడిని సర్దుకోలేదని చాలామంది అనుకుంటారు, కానీ అది అపోహ. నీటి ఒత్తిడికి రెండూ సర్దుకుంటాయి. తేడా సిలిండర్ ఒత్తిడి విషయంలోనే. విడిభాగాలు తక్కువగా ఉండి సర్వీసింగ్ సులువు కావడం వల్ల, తక్కువ లోతు డైవింగ్‌కు అన్‌బ్యాలెన్స్‌డ్ రకాన్ని నేటికీ విరివిగా వాడుతున్నారు.