బండ్లు తిరగని అడవి దారుల్లో సైకిలు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అల్లుడూ, కొండల్లో, అడవి మధ్య, బండ్లు తిరగని గ్రావెల్ (కంకర) దారుల్లో సైకిలు తొక్కాలని ఉందని రాశావు. సంతోషం. సైకిలు గురించి చాలా అడిగావు గానీ దారి గురించి ఒక్క మాటా అడగలేదు. అందుకే ముందు దారి సంగతే చెబుతాను.

బండ్లు రాని దారులన్నీ ఒకటి కావు. పట్టాలు తీసేసి సైకిలు బాటగా మార్చిన పాత రైలు మార్గం అన్నిటికన్నా సుఖం. రైలింజన్లు నిటారు వాలు ఎక్కలేవు కాబట్టి నూరు మీటర్లకు రెండు మూడు మీటర్లకు మించిన ఎక్కుడు మామూలుగా తగలదు. సొరంగాలు ఉంటే మాత్రం పట్టపగలైనా లైటు కావాలి. ఆ తర్వాత చెప్పుకోవలసింది గేటు వేసిన అటవీ రోడ్డు. కలప లారీల కోసం వేసింది కనుక మలుపులు వెడల్పుగా, వాలు ఓర్చుకునేంతలో ఉంటాయి. చెట్లు కొట్టే రోజుల్లో మాత్రం ఆ గేటు తెరిచే ఉంటుంది, లారీలు తిరుగుతూనే ఉంటాయి. దాని నుంచి చీలే చిన్న దారులు చాలావరకు దుంగలు పేర్చే జాగా దగ్గర ఆగిపోతాయి. అలాంటి రెండు కొసల మధ్య మ్యాపులో అర కిలోమీటరే ఖాళీ ఉంది కదా, ఏదో కాలిబాట ఉండకపోతుందా అనుకోవద్దు. సైకిలు భుజాన వేసుకుని పొదల్లో పడితే ఆ అర కిలోమీటరే గంట తినేస్తుంది.

ఇక ఫైర్ లైను. కార్చిచ్చు దాటకుండా చెట్లు కొట్టి తెరిచిన పట్టీ అది. కొండ ఎంత నిటారుగా ఉన్నా తిన్నగా పైకి పోతుంది, కింద కంకర కూడా ఉండదు. అడవి మ్యాపులో గీటు గీసినట్టున్న దారి కనిపిస్తే ముందు అనుమానించు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ అని, జనమే కలిసి తయారుచేసే ఆన్‌లైన్ మ్యాపులో ఇలాంటి దారులకు గ్రేడ్ 1 నుంచి 5 వరకు ఇస్తారు. 1 అంటే తారు, లేదా బాగా దిమ్మిస కొట్టిన నేల. 2 చాలావరకు గట్టి నేల. 3లో గట్టిదీ మెత్తదీ సగం సగం. 4 ఎక్కువగా మెత్తటి నేల, 5 ఒట్టి మట్టీ గడ్డీ. మొదటిసారికి 2, 3 దాటి పోకు. 4 ఎండాకాలంలో బాగానే ఉంటుంది గానీ ఒక వాన పడితే చక్రానికీ ఫ్రేముకీ మధ్య బురద గట్టిపడి సైకిలే కదలదు. ఇంకో మాట. మోటారు బండ్లకు ప్రవేశం లేదని ఉన్నంత మాత్రాన సైకిలుకు ఉన్నట్టు కాదు. రెండూ విడివిడిగా చూసుకో. రక్షిత అడవైతే అక్కడి కార్యాలయంలో ముందే అడుగు.

ఇప్పుడు అసలు పని. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకో. 1:50,000 మ్యాపులో రెండు సెంటీమీటర్లంటే కిలోమీటరు. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసినవి కాంటూరు గీతలు. వాటి మధ్య ఎత్తు తేడా ఎంతో మ్యాపు అంచున ఉంటుంది; 20 మీటర్లనుకుందాం. నీ దారిని రెండేసి సెంటీమీటర్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఎన్ని గీతలు దాటుతోందో లెక్కపెట్టు. మూడు దాటితే 6 శాతం వాలు, కూర్చుని తొక్కేస్తావు. ఐదు దాటితే 10 శాతం. తారు మీద లేచి నిలబడి తొక్కే వాలే అది, కానీ గ్రావెల్ మీద లేస్తే వెనక చక్రం మీద బరువు తగ్గి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. సీటు ముందు కొసకు జరిగి, మోచేతులు వంచి, చిన్న గేరులో సమంగా తొక్కాలి. ఏడెనిమిది దాటితే దిగి నెట్టుకుంటూ పోవలసిందే. మొత్తం ఎక్కుడు ఒక్కటే చూస్తే మోసపోతావు. 40 కిలోమీటర్లలో పరుచుకున్న 600 మీటర్లు వేరు, అలసిపోయాక ఆఖరి ఆరు కిలోమీటర్లలో మీద పడే 600 మీటర్లు వేరు.

సమయం లెక్క ఇలా వేసుకో. గంటకు 15 కిలోమీటర్లు, ఆ పైన ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకు పది నిమిషాలు. 45 కిలోమీటర్లు, 900 మీటర్ల దారికి నాలుగున్నర గంటలు తొక్కుడు, ఒక గంట ఆగుళ్లు. లోయలో సూర్యాస్తమయానికి చాలా ముందే వెలుగు తగ్గిపోతుంది, జంతువులు ఎక్కువగా తిరిగేవి కూడా వేకువన, మునిమాపునే. ఎక్కడున్నా సరే ఏ గంటకు వెనక్కి తిరగాలో బయల్దేరకముందే రాసిపెట్టుకో. ఆ దారి, ఆ గంట ఇంట్లో ఒకరికి తెలియాలి.

సైకిలు విషయానికొస్తే, ముందు పళ్ల చక్రం కన్నా వెనక పెద్ద పళ్ల చక్రానికి పళ్లు ఎక్కువ ఉండాలి, కనీసం సమానంగానైనా ఉండాలి. టైరు 40 నుంచి 45 మిల్లీమీటర్లు. గాలి మాత్రం జాగ్రత్త. టైరు పక్కన రాసి ఉన్న పెద్ద అంకె దాటకూడని హద్దు, నువ్వు పెట్టాల్సిన గాలి కాదు. 70, 75 కిలోల మనిషికి 42 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరైతే ముందు చక్రానికి 30, వెనక చక్రానికి 33 పీఎస్‌ఐతో (గాలి ఒత్తిడి కొలత) మొదలుపెట్టు. ట్యూబు ఉంటే ఐదు కలుపు. రాయి తగిలినప్పుడు రిమ్ము టక్కుమంటే రెండు పెంచు. చక్రం రాళ్ల మీద ఎగురుతూ చేతులు తిమ్మిరెక్కితే రెండు తగ్గించు. ట్యూబు పంక్చరైతే చిల్లు చూడు. పక్కపక్కనే రెండుంటే రాయికీ రిమ్ముకీ మధ్య నలిగిందని, అంటే గాలి తక్కువైందని అర్థం. ఒక్కటే ఉంటే ముల్లు. దాన్ని టైరు లోపల గుడ్డతో తడిమి తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అదీ పోతుంది.

ట్యూబ్‌లెస్ అయితే చక్రానికి 60 మిల్లీలీటర్ల సీలెంట్ (చిన్న చిల్లులను పూడ్చే ద్రవం) పోయి. రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. చక్రం తీసి చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు రావాలి. పదునైన రాయి టైరు పక్కను కోస్తే సీలెంట్ ఆపలేదు. లోపల పాత టైరు ముక్క అడ్డుపెట్టి ట్యూబు వేసుకోవాలి. అందుకు ముందు ట్యూబ్‌లెస్ వాల్వు విప్పాలి, దాని నట్టేమో బిగుసుకుపోయి వేళ్లకు లొంగదు. ఇంట్లోనే ఒకసారి విప్పి చూసుకో.

వెనక గొలుసును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకో దానికి మార్చేది డిరైలరు, దాన్ని ఫ్రేముకు తగిలించే ముక్క హ్యాంగరు. సామానులో ఆ డిరైలర్ హ్యాంగరు ఒకటి అదనంగా పెట్టుకో. ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం, ఇంకొకరిది నీకు పట్టదు. సైకిలు కుడి పక్కకు పడితే, ఎక్కేముందు వెనక నిలబడి డిరైలరు నిలువుగా ఉందో లేదో చూడు. లోపలికి వంగిందని తెలియక చిన్న గేరుకు మారిస్తే అది పుల్లల్లోకి దూరుతుంది, ఇక ఆ రోజు నడకే.

దిగేటప్పుడు బ్రేకు పని మలుపుకు ముందే అయిపోవాలి. వదులు కంకర మీద మలుపు మధ్యలో ముందు బ్రేకు పట్టావా, ముందు చక్రం జారి పక్కకు పడేస్తుంది. బండ్లు పోయిన గాడిలో కంకర నొక్కుకుని ఉంటుంది, మధ్యలో వదులుగా పోగుపడి ఉంటుంది. గాడి వదలకు. పొడుగు దిగుడులో బ్రేకు అదేపనిగా పట్టుకుంటే వేడెక్కి పట్టు తగ్గుతుంది. పట్టి, వదిలి, మళ్లీ పట్టాలి. తడిసిన చెట్ల వేర్ల మీద, చెక్క వంతెన మీద బ్రేకు ముట్టుకోకుండా చక్రం తిన్నగా ఉంచి దాటు. మూల మలుపులో గంట కొట్టు.

నీళ్లు గంటకు అర లీటరుకు తగ్గకుండా లెక్కేసుకో. వాగు నీళ్లు తేటగా ఉన్నా ఒక నిమిషం మరగనివ్వాలి, 2,000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. మామూలు ఫిల్టర్లు వైరస్‌లను ఆపవు. అడవిలో చాలాచోట్ల ఫోనుకు సిగ్నలు ఉండదు. మ్యాపు ముందే దించుకుని, బ్యాటరీ మిగిలేలా ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టు.

గీతలు లెక్కపెట్టిన కాగితం నాకు పంపు. 10 శాతం దాటిన ముక్కల పక్కన గుర్తు పెట్టు. అది చూశాక రోజుకు ఎంత దూరం పెట్టుకోవచ్చో రాస్తాను.

ఇట్లు,
మీ మామయ్య