సర్వర్ గది: నిన్న కలిసింది, ఇవాళ కలవట్లేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ. "అన్నీ సరిగ్గానే పెట్టాను మేడమ్, కనెక్ట్ మాత్రం అవట్లేదు." ఇరవై రెండేళ్లు సర్వర్ గదుల్లో గడిపినదాన్ని, ఈ మాట వినని వారం లేదు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈ పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మాది తెనాలి. మిర్చి కోల్డ్ స్టోరేజీలకు బస్తాల లెక్క, అద్దె బిల్లులు చేసే సాఫ్ట్‌వేర్ నేనే రాసి ఇస్తుంటాను. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, అమెజాన్ క్లౌడ్‌లో ముంబైలో ఉంది. మొన్న సాయంత్రం దాకా ఇంటి నుంచి బాగానే కలిసింది. రాత్రి గాలివానకు కరెంటు పోయి తెల్లారి వచ్చింది. అప్పట్నుంచీ 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అంటోంది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టినా అంతే. పాస్‌వర్డ్ రెండుసార్లు మార్చాను. తెలిసినాయన ఒకరు ఫైర్‌వాల్‌లో 0.0.0.0/0 పెట్టెయ్యమన్నారు. పెట్టమంటారా?

జవాబు: పెట్టకండి. ఎందుకో చెప్తాను, ముందు మీ పని జరగనివ్వండి.

పాస్‌వర్డ్ మార్చినందువల్ల ఏమీ కాదు. మీ పాస్‌వర్డ్ అడిగే చోటికి మీరింకా చేరనే లేదు. ఆ సంగతి ఎర్రరే చెప్తోంది. ఉత్తరం రాశామనుకోండి. ఒక్కోసారి జవాబూ రాదు, కవరూ తిరిగి రాదు. అది టైమవుట్: మధ్యలో ఫైర్‌వాల్ (ఎవర్ని రానివ్వాలో చూసే కాపలా) మీ ప్యాకెట్‌ని, అంటే మీరు పంపిన డేటా ముక్కని, చడీచప్పుడు లేకుండా పారేసింది, లేదా అది వెళ్లిన చిరునామాలో అసలు ఇల్లే లేదు. ఒక్కోసారి కవరు మీద 'ఈ పేరుగలవారు లేరు' అని రాసి వెనక్కి పంపుతారు. అది 'కనెక్షన్ రెఫ్యూజ్డ్': యంత్రం దాకా వెళ్లారు, ఆ పోర్టులో (ఒక్కో సర్వీస్‌కి ఉండే నంబర్ తలుపు) వినేవాళ్లు లేరు. ఇక 'మీరెవరో మాకు తెలియదు' అని జవాబే వచ్చిందంటే అది పాస్‌వర్డ్ ఎర్రర్, నెట్‌వర్క్‌లో ఏ దోషమూ లేదని దాని అర్థం. పోస్ట్‌గ్రెస్‌లో 'పీజీ_హెచ్‌బీఏ డాట్ కాన్ఫ్‌లో (ఎవరు ఎక్కడి నుంచి రావచ్చో రాసుకునే ఫైల్) ఎంట్రీ లేదు' అని వచ్చినా అంతే, మీరు గుమ్మం దాకా వచ్చేశారు. అందుకే నాకు రాసేవాళ్లు ఎర్రర్‌ని మీలాగే అక్షరం పొల్లుపోకుండా రాయమని ప్రతిసారీ అడుగుతుంటాను.

మీది టైమవుట్. పైగా కరెంటు పోయి వచ్చాక మొదలైంది. రౌటర్ ఆగి మళ్లీ లేచినప్పుడు మీ ఇంటర్నెట్ వాళ్లు మీకు కొత్త ఐపీ (ఇంటర్నెట్‌లో మీ చిరునామా) ఇచ్చారు. మీ సెక్యూరిటీ గ్రూప్‌లో, అంటే అమెజాన్ ఫైర్‌వాల్ రూళ్లలో, పాత ఐపీ, చివర /32 (ఈ ఒక్క చిరునామాకే అని అర్థం) తగిలించుకుని, అలాగే కూర్చుంది. హాట్‌స్పాట్‌ది ఇంకో ఐపీ, కాబట్టి అక్కడా అదే గోడ. మీ కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి 'నా ఐపీ ఎంత' అని వెతకండి. వచ్చిన నంబర్‌ని సెక్యూరిటీ గ్రూప్‌లో పోస్ట్‌గ్రెస్ వినే 5432 పోర్టుకు రాసిన ఇన్‌బౌండ్ (లోపలికి వచ్చే) రూల్‌తో పోల్చి, తేడా ఉంటే సరిచేయండి. అమెజాన్‌లో మార్పు వెంటనే పనిచేస్తుంది. అజూర్ ఎస్‌క్యూఎల్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ డేటాబేస్) వాడే పాఠకులు మాత్రం రూల్ రాశాక ఐదు నిమిషాల దాకా ఓపిక పట్టండి. ఈలోపు పనిచేయట్లేదనుకుని పది రూళ్లు రాసిపెట్టిన వాళ్లని చూశాను.

బ్రౌజర్‌లో కోలన్లతో పొడుగాటి నంబర్ కనిపిస్తే అది ఐపీవీ6, కొత్త తరహా చిరునామా. మీ డేటాబేస్‌కి పాత తరహా ఐపీవీ4 మాత్రమే ఉంటే ఆ నంబర్ రాసి లాభం లేదు. వీ4 నంబర్ విడిగా చూపించే సైట్లున్నాయి, అక్కడ చూడండి.

ఇంకొకటి చూడాలి, ఇది మన ఊళ్లలో చాలామందికి తగిలేదే. రౌటర్ పేజీలోకి వెళ్లి వాన్ (WAN, రౌటర్‌కి బయటి వైపు) అడ్రస్ ఎంతో చదవండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీకు సొంత పబ్లిక్ ఐపీ లేదు. ఆ నంబర్లను 2012లో ఇందుకోసమే పక్కన పెట్టారు: ఐపీవీ4 చిరునామాలు చాలక, ఇంటర్నెట్ కంపెనీ చాలా ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనక కూర్చోబెడుతుంది. అప్పుడు మీరు రాసిన /32 రూల్ మీ ఒక్కరికే కాదు, ఆ చిరునామా పంచుకునే వాళ్లందరికీ వర్తిస్తుంది. రేపు మిమ్మల్ని ఇంకో చిరునామా కిందకి మార్చినా మార్చవచ్చు.

కాబట్టి ఇంటి ఐపీని నమ్ముకుని రూళ్లు రాయడం ఇవాళ్టికి ఉపశమనం, అంతే. శాశ్వతంగా కావాలంటే అదే క్లౌడ్‌లో ఒక చిన్న యంత్రం పెట్టండి. దానికి పాస్‌వర్డ్‌తో లాగిన్ తీసేసి, కీతో (తాళంచెవి లాంటి ఫైల్) మాత్రమే ఎస్‌ఎస్‌హెచ్, అంటే దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే దారి, ఉంచండి. డేటాబేస్ సెక్యూరిటీ గ్రూప్‌లో ఐపీకి బదులు ఆ యంత్రం తాలూకు సెక్యూరిటీ గ్రూప్ పేరే రాయవచ్చు. తర్వాత మీ కంప్యూటర్ 5433 పోర్టు నుంచి, ఆ యంత్రం గుండా, డేటాబేస్ 5432కి టన్నెల్ (ఎస్‌ఎస్‌హెచ్ లోపలి సొరంగం) వేసుకోండి. కరెంటు ఎన్నిసార్లు పోయినా డేటాబేస్ రూల్ ముట్టుకోవాల్సిన పని ఉండదు. ఎస్‌ఎస్‌హెచ్ వాడే పోర్టు 22 కూడా తెరవకూడదనుకుంటే అమెజాన్‌లోనే సెషన్ మేనేజర్ ఉంది. అందులో యంత్రమే బయటికి కనెక్ట్ అవుతుంది కాబట్టి లోపలికి ఏ తలుపూ అక్కర్లేదు.

ఒక ప్రశ్న మీరు అడగలేదు, నేను అడుగుతాను. కోల్డ్ స్టోరేజీల్లో బిల్లు కొట్టే ప్రతి కంప్యూటరూ నేరుగా డేటాబేస్‌కే కలుస్తోందా? అలాగైతే డేటాబేస్ పాస్‌వర్డ్ అన్ని ఊళ్లలో, అన్ని కంప్యూటర్లలో ఉన్నట్టే. మధ్యలో 443 (https సైట్లు వాడే పోర్టు) మీద నడిచే చిన్న వెబ్ సర్వీస్ పెట్టి, డేటాబేస్‌ని దాని వెనక దాచండి. ఈ సీజన్ అయ్యాకైనా చేయండి.

ఇక 0.0.0.0/0. అంటే భూమ్మీద ఎవరైనా రావచ్చని అర్థం. 2017 జనవరిలో ఒక చిన్న ఊరి డయాగ్నస్టిక్ ల్యాబ్ నుంచి నాకు ఫోనొచ్చింది. రిపోర్టులన్నీ మాంగోడీబీ అనే డేటాబేస్‌లో ఉండేవి. అది రాసిచ్చిన కుర్రాడు 'టెస్టింగ్ కోసం' 27017 పోర్టు అందరికీ తెరిచి, పాస్‌వర్డ్ లేకుండా వదిలేశాడు. నేను చూసేసరికి టేబుళ్ల స్థానంలో ఒకే ఒక్క సందేశం ఉంది: బిట్‌కాయిన్ పంపితే డేటా ఇస్తామని. ఆ నెలలో ప్రపంచమంతటా వేలాది మాంగోడీబీలకు ఇదే జరిగింది. చాలాచోట్ల దొంగలు డేటా దాచుకోలేదు కూడా, తుడిచేసి డబ్బడిగారు. ఆ ల్యాబ్‌కి బ్యాకప్ లేదు. పాత రిపోర్టు కోసం వచ్చిన పెద్దావిడకి కౌంటర్‌లో అమ్మాయి ఏం చెప్పాలో తెలియక నిలబడిపోవడం నేను చూశాను. మీ దగ్గర ఉన్నది రైతుల బస్తాల లెక్క. అది పోతే ఎవరి సరుకు ఎంతో తేల్చేవాళ్లుండరు. అందుకే అంత గట్టిగా వద్దన్నాను.

ప్రశ్న: అక్కా, నేను హన్మకొండలో ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నా. ప్రాజెక్టు కోసం ఒరాకిల్ క్లౌడ్‌లో ఉచిత సర్వర్ తీసుకుని ఉబుంటు మీద మైఎస్‌క్యూఎల్ వేశాను. కన్సోల్‌లో మైఎస్‌క్యూఎల్ పోర్టు 3306 తెరిచాను. ల్యాప్‌టాప్ నుంచి 'నో రూట్ టు హోస్ట్' అంటోంది. కానీ ఎస్‌ఎస్‌హెచ్ చక్కగా వెళ్తోంది. దారే లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్ ఎట్లా వెళ్తోంది?

జవాబు: సరైన చోట అనుమానపడ్డావమ్మా. దారి ఉంది. ఆ సందేశం పంపింది నీ సర్వరే.

నువ్వు కన్సోల్‌లో తెరిచింది వీధి గేటు. ఒరాకిల్ ఇచ్చే ఉబుంటు ఇమేజ్‌లో లోపల ఐపీటేబుల్స్ అనే ఇంకో ఫైర్‌వాల్ ముందే నడుస్తూ ఉంటుంది. అది ఎస్‌ఎస్‌హెచ్‌ని రానిచ్చి, మిగతా కొత్త కనెక్షన్లను 'హోస్ట్ ప్రొహిబిటెడ్' అని తిప్పి పంపుతుంది. నీ ల్యాప్‌టాప్ ఆ జవాబుని 'నో రూట్ టు హోస్ట్' అని చూపిస్తుంది. ఈ మాట చదివి రౌటింగ్ టేబుళ్లు (దారుల పట్టికలు) తవ్వుతూ రాత్రిళ్లు పాడుచేసుకున్న వాళ్లు ఎందరో.

ఐపీటేబుల్స్ రూళ్లు పైనుంచి కిందికి చదువుతుంది. నీ 3306 రూల్‌ని జాబితా చివర చేర్చితే అది రిజెక్ట్ వరస కిందకి పోతుంది, దాని వంతే రాదు. కాబట్టి 'ఇన్సర్ట్' వాడి రిజెక్ట్‌కి పైన పెట్టు. నీ ఐపీకి మాత్రమే పెట్టు. తర్వాత నెట్‌ఫిల్టర్-పర్సిస్టెంట్‌తో సేవ్ చెయ్యి, లేకపోతే రీబూట్‌తో మాయమవుతుంది.

అప్పుడు ఎర్రర్ మారి 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' వస్తుంది. దిగులుపడకు, ఒక తలుపు దాటావన్నమాట. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ 127.0.0.1 మీద మాత్రమే వింటుంది, అంటే తన ఇంట్లో వాళ్ల మాటే. బైండ్-అడ్రస్ (ఎక్కడ వినాలో చెప్పే సెట్టింగ్) మార్చి మైఎస్‌క్యూఎల్‌ని రీస్టార్ట్ చెయ్యి. ఆ తర్వాత 1130 నంబర్ ఎర్రర్, 'ఈ హోస్ట్‌కి అనుమతి లేదు' అని రావచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో యూజర్ అంటే పేరొక్కటే కాదు, పేరూ వచ్చే చోటూ కలిపి. లోకల్‌హోస్ట్ (అదే యంత్రం) నుంచి వచ్చే నువ్వు, బయట నుంచి వచ్చే నువ్వు దానికి వేరువేరు మనుషులు.

ఈ మూడూ ఒకసారి చేసి చూడు, పుస్తకం చెప్పనిది తెలుస్తుంది. చూశాక మాత్రం అన్నీ మళ్లీ మూసెయ్యి. ఎస్‌ఎస్‌హెచ్ వెళ్తోంది కదా, మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్‌లో 'టీసీపీ/ఐపీ ఓవర్ ఎస్‌ఎస్‌హెచ్' అని ఉంటుంది, దాంతో కలువు. 3306 బయటికి తెరవాల్సిన అవసరమే లేదు. ఒకటి గుర్తుంచుకో: ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ రూట్ ఖాతా మామూలుగా పాస్‌వర్డ్‌తో తెరుచుకోదు, ప్రాజెక్టుకి వేరే యూజర్‌ని చేసుకో.

ప్రశ్న: పింగ్ చేస్తే నా క్లౌడ్ డేటాబేస్ పలకట్లేదు. పడిపోయిందా? — ఏలూరు

జవాబు: పింగ్ వెళ్లేది ఐసీఎంపీ మీద, డేటాబేస్ పలికేది టీసీపీ పోర్టు మీద, రెండూ వేరు దారులు. పింగ్‌కి పలకకుండా లక్షణంగా నడిచే డేటాబేస్‌లు ఎన్నో. విండోస్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్, లినక్స్‌లో నెట్‌క్యాట్ వాడి పోర్టునే తట్టి చూడండి.

ప్రశ్న: మాదాపూర్‌లో పనిచేస్తున్నానండీ. మా అప్లికేషన్ అమెజాన్‌లో నాట్ గేట్‌వే వెనక ఉంది, డేటాబేస్ బయట ఇంకో క్లౌడ్‌లో. పొద్దంతా బాగుంటుంది. భోజనం చేసొచ్చాక మొదటి క్వెరీ 'కనెక్షన్ రీసెట్' అని చస్తుంది, రెండోసారి వెళ్తుంది. ఫైర్‌వాల్ టీమ్ తమ తప్పేం లేదంటోంది.

జవాబు: వాళ్లు చెప్పింది నిజమే కావచ్చు. ఆ నాట్ గేట్‌వే (లోపలి యంత్రాలను బయటి ఇంటర్నెట్‌కి కలిపే ద్వారం) 350 సెకన్లు ఊరుకున్న కనెక్షన్‌ని మర్చిపోతుంది. మర్చిపోయినట్టు మీ అప్లికేషన్‌కి ముందుగా చెప్పదు. మీరు మళ్లీ మాట్లాడినప్పుడు రీసెట్ పంపుతుంది. లినక్స్ కీప్‌అలైవ్ (కనెక్షన్ బతికుందా అని మధ్యమధ్యలో పలకరించే ఏర్పాటు) ఉంది కదా అనకండి, దాని మామూలు విలువ 7200 సెకన్లు, అంటే రెండు గంటలకు మొదటి పలకరింపు. దాన్ని 200 సెకన్లకు తగ్గించండి, కనెక్షన్ పూల్‌లో (ముందే తెరిచి ఉంచుకునే కనెక్షన్ల నిల్వ) ఖాళీగా ఉండే గడువు ఐదు నిమిషాల లోపు పెట్టండి. అజూర్ లోడ్ బ్యాలెన్సర్ అయితే మామూలు గడువు నాలుగు నిమిషాలే, ఆ లెక్కన చూసుకోండి.

ప్రశ్న: మేడమ్, కర్నూలు నుంచి రాస్తున్నా. భద్రత కోసమని సర్వర్‌లో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఎనేబుల్ చేశాను. పుటి (PuTTY, ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం) విండో మూశాక మళ్లీ లోపలికి వెళ్లలేకపోతున్నాను.

జవాబు: 22కి అనుమతి ఇవ్వకుండా ఎనేబుల్ చేసి ఉంటారు. నాకూ ఒక క్లయింట్ సర్వర్ మీద అర్ధరాత్రి ఇదే జరిగింది. తెల్లవారేదాకా వాళ్ల ఆర్డర్లు ఆగిపోయాయి, ఆ రాత్రి నాకింకా గుర్తే. మీ క్లౌడ్ కన్సోల్‌లో సీరియల్ కన్సోల్ (నెట్‌వర్క్‌తో పని లేకుండా యంత్రంలోకి వెళ్లే దారి) ఉంటే దాన్నుంచి లాగిన్ అయి యూఎఫ్‌డబ్ల్యూ ఆపండి. అదీ కుదరకపోతే యంత్రం ఆపి, దాని డిస్క్‌ని ఇంకో యంత్రానికి తగిలించి, యూఎఫ్‌డబ్ల్యూ కాన్ఫ్ ఫైల్‌లో ఎనేబుల్డ్‌ని 'నో' చేసి, తిరిగి పెట్టండి. ఆ రాత్రి నుంచీ నేను ఫైర్‌వాల్ ముట్టుకునే ముందు, పది నిమిషాల్లో దానంతటదే ఆగిపోయేలా 'ఎట్' కమాండ్‌తో టైమర్ పెడతాను. పాత విండో మూయకుండా, కొత్త విండోలో లోపలికి వెళ్లగలిగాకే ఆ టైమర్ తీసేస్తాను.

ప్రశ్న: యూఎఫ్‌డబ్ల్యూలో 5432 మూసే ఉంది. అయినా స్నేహితుడు వాళ్లింటి నుంచి నా పోస్ట్‌గ్రెస్‌కి కనెక్ట్ అయ్యాడు! డాకర్‌లో నడుపుతున్నాను. — రాజమండ్రి

జవాబు: స్నేహితుడు కాబట్టి చెప్పాడు. డాకర్ (ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడి డబ్బాల్లో నడిపేది) పోర్టు పబ్లిష్ చేసేటప్పుడు, అంటే బయటికి తెరిచేటప్పుడు, ఐపీటేబుల్స్‌లో తన రూళ్లు తనే రాసుకుంటుంది, ఆ ప్యాకెట్లు యూఎఫ్‌డబ్ల్యూ రూళ్ల దాకా రావు. యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్ మాత్రం మూసే ఉందని చూపిస్తుంది. ఇవాళే డాకర్ కంపోజ్ ఫైల్‌లో 5432:5432 ఉన్నచోట 127.0.0.1:5432:5432 (ఈ యంత్రం నుంచి మాత్రమే) అని రాసి, కంటైనర్‌ని మళ్లీ లేపండి. క్లౌడ్ ఫైర్‌వాల్‌లో కూడా 5432 మూయండి. లాగ్‌లో మీరు ఎరగని ఐపీల నుంచి లాగిన్‌లు ఉన్నాయేమో చదివి, డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చండి. చివరగా వైఫై ఆపి, ఫోన్ డేటా మీద నుంచి పోర్టుని తట్టి చూడండి. కలవకపోతే మూసుకున్నట్టే.